ఎడమ పక్కకు తిరిగితే గుండె ఎందుకు గట్టిగా కొట్టుకుంటుంది?

రాత్రి లైటు ఆర్పి ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోగానే గుండె కొట్టుకోవడం గట్టిగా తెలుస్తుంది. వెల్లకిలా తిరిగితే తగ్గుతుంది, కుడి పక్కకు తిరిగితే దాదాపు తెలియకుండా పోతుంది. మళ్ళీ ఎడమకు తిరిగితే మళ్ళీ మొదలు. మరికొందరికి పడుకున్నంతసేపూ ఏమీ ఉండదు. మంచం దిగి నిలబడగానే గుండె పరుగు అందుకుంటుంది. ఇంకొందరికి కింద పడిన గరిటె తీద్దామని వంగి లేచిన క్షణంలో దడ పట్టుకుంటుంది. వీటి వెనక కారణాలు వేరు, ప్రమాదం వేరు, వైద్యం వేరు. కానీ ఆసుపత్రికి వెళ్ళాక అందరూ చెప్పేది ఒకటే: ‘గుండె దడగా ఉంటోంది డాక్టరుగారూ.’ ఏ భంగిమలో వస్తోందో తమంతట తాము చెప్పరు. బయట వరుసలో జనం నిండి ఉంటే డాక్టరుకు అడిగే తీరిక దొరకదు. అలా వదిలేసిన ఆ వివరం చాలా విలువైనదని నా నమ్మకం.

ముందు ఎడమ పక్క సంగతి చూద్దాం. ఎక్కువమందిని భయపెట్టేది అదే, చాలాసార్లు ప్రమాదం లేనిదీ అదే.

గుండె ఛాతీలో ఒకచోట బిగించి పెట్టినది కాదు. పైభాగం పెద్ద రక్తనాళాలతో కలిసి ఉంటుంది, చుట్టూ పలచటి సంచి ఉంటుంది, కింది మొన మాత్రం కొంత కదలగలదు. ఆ మొన ఎడమ రొమ్ము కింద, అయిదో పక్కటెముక కింది సందులో లోపలి నుంచి తగులుతూ ఉంటుంది. పెద్దవాళ్ళ గుండె బరువు పావుకిలో పైచిలుకు. ఎడమ పక్కకు పడుకుంటే ఆ బరువుతో గుండె అటు ఒరిగి ఛాతీ గోడకు మరింత దగ్గరవుతుంది. మొన తగిలే చోటు కూడా కాస్త పక్కకు జరుగుతుంది. గుండె అదే, వేగమూ అదే, బలమూ అదే. కాకపోతే మన చర్మానికి, పరుపుకు దగ్గరగా వచ్చింది. కుడి పక్కకు తిరిగినప్పుడు గుండె మొనకూ ఎడమ ఛాతీ గోడకూ మధ్య ఎడం పెరుగుతుంది కాబట్టి ఆ తాకిడి అంతగా తెలియదు.

డాక్టర్లు ఈ సంగతిని రోజూ వాడుకుంటారు. ఎకో పరీక్షకు వెళ్ళినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: ఎడమ పక్కకు తిరిగి, ఎడమ చెయ్యి తలకింద పెట్టుకోమంటారు. గుండె దగ్గరకు వస్తే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. కీళ్ళవాత జ్వరం తర్వాత గుండెలోని మైట్రల్ కవాటం ఇరుకైనవాళ్ళలో మంద్రంగా గురగురమనే ఒక శబ్దం ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి వింటే అది చెవికి అందకుండా పోవచ్చు. అందుకే ఎడమకు ఒత్తిగిలమని చెప్పి, మొన దగ్గర స్టెతస్కోపు ఆనించి వింటారు. వాళ్ళు వినడానికి కోరి పెట్టే భంగిమలోనే మనం ప్రతి రాత్రీ మన గుండెను వింటున్నాం.

సన్నగా ఉన్నవాళ్ళకు ఇది మరింత తెలుస్తుంది. గదిలో చప్పుడు లేకపోవడం ఒకటి, ధ్యాస పెట్టడానికి వేరే పని లేకపోవడం ఒకటి. దిండుకు ఆనిన చెవికి ఆ పక్కనుంచే పోయే రక్తనాళాల కొట్టుకోవడం కూడా వినిపిస్తుంది. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. వినిపించగానే భయం, ఆ భయానికి ఒంట్లో అడ్రినలిన్ పెరగడం, దాంతో గుండె నిజంగానే వేగం అందుకోవడం, అది చూసి ఇంకా భయం. మొదట్లో లేని దడ ఇలా పది నిమిషాల్లో తయారవుతుంది. కొందరు ఎడమ పక్కకు పడుకోవడమే మానేసి, ఏళ్ళ తరబడి ఒక పక్కనే పడుకుని భుజం నొప్పి తెచ్చుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎడమ పక్కకు పడుకుంటే గుండె మీద ‘బరువు పడి’ పాడవుతుందన్నది నిజం కాదు. ఏ పక్కకు హాయిగా ఉంటే ఆ పక్కకు తిరగొచ్చు.

అయితే పడుకున్నప్పుడు తెలిసేదంతా మామూలు దెబ్బే అనుకోకూడదు. కొందరికి గుండె ఒక్క క్షణం ఆగి, ధన్‌మని ఒకసారి కొట్టి, మళ్ళీ దారిలో పడినట్టు ఉంటుంది. గొంతులో ఏదో ఎగిరినట్టుందనీ, కడుపులోంచి ఏదో జారినట్టుందనీ కూడా అంటారు. వీటిని ఎక్టోపిక్ బీట్స్ అంటారు. గుండెకు లయ ఇచ్చే కణాల గుంపు కుడి పైగదిలో ఉంటుంది. అప్పుడప్పుడు గుండె కండరంలో మరోచోటి నుంచి, వేళకు ముందే, ఒక దెబ్బ పుడుతుంది. ఆ సమయానికి కింది గదిలో రక్తం సరిగా నిండి ఉండదు కాబట్టి ఆ దెబ్బ బలహీనం. మణికట్టు దగ్గర నాడిలో అందకపోవచ్చు కూడా. దాని వెనకే చిన్న విరామం. ఆ విరామంలో గది మామూలు కన్నా ఎక్కువ నిండుతుంది, తర్వాతి దెబ్బ గట్టిగా తగులుతుంది. గుండె ఆగిపోయిందేమో అని ప్రాణం గిలగిల్లాడే ఆ క్షణంలో జరుగుతున్నది నిజానికి గుండె నిండుగా నింపుకోవడమే.

ఇవి రాత్రిపూట ఎక్కువగా తెలియడానికి మరో కారణం కూడా ఉంది. విశ్రాంతిలో వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉండే నాడి నిద్రలో 50కీ, కొందరిలో అంతకన్నా కిందకీ దిగుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరిగినప్పుడు దొంగ దెబ్బలకు చోటు దొరుకుతుంది. లేచి నాలుగడుగులు వేస్తే వేగం పెరిగి అవి మాయమవుతాయి. 24 గంటలపాటు ఈసీజీ తీస్తే ఏ జబ్బూ లేని చాలామందిలో ఇవి కొన్నయినా కనిపిస్తాయి. గుండె నిర్మాణం బాగుండి, అప్పుడప్పుడూ వచ్చేవైతే వాటికి మందు అక్కర్లేదు. కానీ నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు తగ్గకపోగా పెరిగితే అది వేరే కథ. అలాగే గుండె రోజుకు కొట్టుకునే సుమారు లక్ష దెబ్బల్లో పదోవంతు దాకా ఇవే ఉంటే, కొంతకాలానికి గుండె కండరం బలహీనపడే అవకాశం ఉంది. లెక్క కోసం పరీక్ష చేయించుకోవాల్సింది అందుకే.

రాత్రి పదింటికి కడుపునిండా తిని, పదిన్నరకు పక్క మీదికి చేరే అలవాటు మన ఇళ్ళలో ఎక్కువ. నిండిన పొట్ట ఊపిరితిత్తుల కింది డయాఫ్రమ్ కండరాన్ని పైకి నెడుతుంది, దాని మీదే గుండె ఆనుకుని ఉంటుంది. పుల్లటి తేన్పులు పైకి వస్తే అన్నవాహిక మండుతుంది. ఆ అన్నవాహిక గుండె వెనకనుంచే పోతుంది, దానికీ గుండెకూ వేగస్ నరంతో సంబంధం ఉంది. భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉంచితే ఈ రకం దడ చాలామందిలో తగ్గుతుంది. ఫ్రాన్సుకు చెందిన గుండె వైద్యుడు ఫిలిప్ కూమెల్ మరో సంగతి గుర్తించాడు: కొందరిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయతప్పే జబ్బు సరిగ్గా రాత్రి నిద్రలోనో, భోజనం తర్వాతో మొదలవుతుంది. అప్పుడు నాడి పట్టుకుంటే ఏ రెండు దెబ్బల మధ్యా ఎడం కుదరదు. దీన్ని ‘గ్యాస్’ అని వదిలేస్తే పక్షవాతం దాకా తేవచ్చు. గ్యాస్ మాత్రతో సరిపెట్టే ముందు ఒక్కసారి నాడి పట్టుకుని, క్రమంగా ఉందో లేదో చూసుకోమని నేను గట్టిగా చెబుతాను.

ఎడమ పక్క భయానికి వెల్లకిలా పడుకోవడమే మేలనుకునే వాళ్ళున్నారు. గురక పెట్టేవాళ్ళకు అది మేలు కాదు. వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక, గొంతు వెనకభాగం వెనక్కి జారి గాలి దారి మూసుకుపోవచ్చు. ఊపిరి కొన్ని సెకన్లు ఆగుతుంది, రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. ఊపిరాడక, గుండె దడదడలాడుతూ లేచి కూర్చున్న మనిషి ఏదో పీడకల అనుకుంటాడు. ఇది స్లీప్ ఆప్నియా. దీనివల్ల బీపీ పెరుగుతుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. పక్కకు తిరిగి పడుకోవడం దీనికి మొదటి సాయం. పొద్దున తలనొప్పి, పగలు కునికిపాట్లు, పక్కనున్నవాళ్ళు ‘మధ్యలో ఊపిరి ఆగుతోంది’ అనడం ఉంటే నిద్ర పరీక్ష చేయించాలి.

గర్భిణులది ప్రత్యేకమైన పరిస్థితి. ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, నాడి నిమిషానికి 10 నుంచి 20 దెబ్బలు ఎక్కువవుతుంది; కాస్త దడ సహజం. అయిదో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే బరువైన గర్భసంచి, వెన్నెముకకు కుడివైపుగా పైకి పోయే పెద్ద సిరను నొక్కుతుంది. గుండెకు చేరే రక్తం తగ్గి కళ్ళు తిరుగుతాయి, దడ వస్తుంది, బిడ్డకు వెళ్ళే రక్తమూ తగ్గుతుంది. ఎడమకు తిరిగితే ఆ నొక్కుడు పోతుంది. ఎడమ పక్కన గుండె గట్టిగా తెలుస్తోందని భయపడి వెల్లకిలా తిరగొద్దు. ఆయాసం, పొడి దగ్గు, కాళ్ళ వాపు కూడా దడతో కలిసి వస్తుంటే మాత్రం గర్భం వల్లే అని ఊరుకోకూడదు. చిన్నప్పుడు కీళ్ళవాత జ్వరం వచ్చి కవాటం దెబ్బతిన్న సంగతి చాలామంది ఆడవాళ్ళలో మొదటిసారి బయటపడేది గర్భంతో ఉన్నప్పుడే.

గుండె బలహీనపడినవాళ్ళలో లెక్క తిరగబడుతుంది. వాళ్ళకు వెల్లకిలా పడుకుంటే కాళ్ళలోని రక్తం ఛాతీకి చేరి ఆయాసం వస్తుంది, రెండు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ నిద్రపట్టదు. గుండె పెద్దదైన కొందరికి ఎడమ పక్కకు తిరిగితే దడ మాత్రమే కాదు, ఊపిరి కూడా ఆడదు. ఎడమకు తిరిగితే గుండె వినిపించడం ఒకటి, ఎడమకు తిరిగితే ఆయాసం రావడం మరొకటి. రెండోది ఉంటే ఆలస్యం చేయకుండా ఎకో చేయించుకోవాలి.

ఇక నిలబడితే వచ్చే దడ. పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం పొట్ట, తొడలు, కాళ్ళలోకి దిగుతుంది. మెడలోని ధమనుల్లోనూ గుండెనుంచి బయల్దేరే మహాధమని వంపులోనూ ఒత్తిడిని కొలిచే నరాలున్నాయి. అవి రెండు మూడు సెకన్లలో పసిగట్టి రక్తనాళాలను బిగిస్తాయి, గుండె వేగాన్ని పెంచుతాయి. నిమిషానికి 10 నుంచి 20 దెబ్బలు పెరగడం అందరిలోనూ జరిగేదే. రక్తం పరిమాణం తక్కువైనప్పుడు, రక్తంలో పస తక్కువైనప్పుడు ఈ పెరుగుదల దడగా తెలుస్తుంది.

ఇక్కడ రక్తహీనత గురించి ఆగి చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ తగ్గితే అదే ప్రాణవాయువును మోయడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. లేచి నిలబడితే దడ, మెట్లెక్కితే దడ, బిందె ఎత్తితే దడ. ఇంట్లో అందరూ దీనికి ‘నీరసం’ అనో ‘టెన్షన్’ అనో పేరు పెట్టి ఊరుకుంటారు. ఒక చిన్న రక్తపరీక్షతో తేలిపోయే దాన్ని ఏళ్ళ తరబడి ఆమె స్వభావానికి అంటగట్టడం నాకు చాలా బాధ కలిగించే విషయం. దానితోపాటు థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. అది ఎక్కువగా పనిచేస్తే పడుకున్నా, నిలబడినా, నిద్రలోనూ నాడి పరుగెడుతూనే ఉంటుంది.

రక్తం తక్కువ కాకపోయినా నీళ్ళు తక్కువైతే ఇదే జరుగుతుంది. మే నెల ఎండలో గుడి క్యూలోనో బస్టాండులోనో నిలబడి కళ్ళు బైర్లు కమ్మేవాళ్ళను ఏటా చూస్తాం. బడిలో, పనిచేసేచోట మరుగుదొడ్డి సరిగా లేక ఆడపిల్లలు పొద్దుటినుంచి నీళ్ళు తాగడమే మానేస్తారు. నిలబడితే వచ్చే వాళ్ళ దడకు మందు మరుగుదొడ్డే. బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలదీ ఇదే బాధ. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపు ఉద్యోగులకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టాలు మార్చాయి. ఇది దయతో ఇచ్చిన సౌకర్యం అనుకోకూడదు. కాళ్ళలో చిక్కుకున్న రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే ఏర్పాటు అది.

పెద్దవాళ్ళలో నిలబడగానే వచ్చే దడకు చాలాసార్లు మాత్రలే కారణం. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు వాడేవాళ్ళలోనూ, ఏళ్ళ తరబడి షుగరు ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్ళలోనూ లేవగానే బీపీ పడిపోవచ్చు. నిలబడిన మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని జబ్బుగా లెక్కిస్తారు. తెల్లవారుజామున బాత్రూముకు లేచినప్పుడు పడి తుంటి విరగ్గొట్టుకునేవాళ్ళలో ఈ సంగతి ముందే పట్టుకోదగ్గవాళ్ళు ఎందరో. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, కాళ్ళు ఆడించి అప్పుడు లేవాలి. మాత్రలు సొంతంగా ఆపకూడదు, వేళలు మార్చడం డాక్టరు పని.

మరో రకం ఉంది. బీపీ పడిపోదు, కానీ నిలబడిన 10 నిమిషాల్లోపు నాడి 30 దెబ్బలకు పైగా పెరుగుతుంది, పన్నెండు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లల్లోనైతే 40కి పైగా. దడ, తల తేలిపోవడం, ఆలోచన మందగించడం, పడుకుంటే తగ్గిపోతాయి. మూడు నెలలకు మించి ఇలా ఉంటే పాట్స్ అంటారు. ఈ పేరు 1993లో స్థిరపడింది. ఎక్కువగా యువతుల్లో, చాలాసార్లు వైరల్ జ్వరం తర్వాత, కోవిడ్ తర్వాత కూడా, కనిపిస్తుంది. పడుకోబెట్టి తీసే ఈసీజీలో ఏమీ ఉండదు కాబట్టి ‘నీకేం లేదు’ అని పంపేస్తారు. ఇంట్లో చూసుకోవచ్చు: అయిదు నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టి, తర్వాత నిలబడి ఒకటి, మూడు, అయిదు, పది నిమిషాలకు లెక్కపెట్టి రాయాలి. పక్కన ఒకరు ఉండాలి, కళ్ళు తిరిగితే వెంటనే పడుకోవాలి. నీళ్ళు, ఉప్పు పెంచడం, బిగుతు మేజోళ్ళు, పడుకునో కూర్చునో చేసే వ్యాయామం దీనికి వైద్యం. ఉప్పు పెంచడం మాత్రం బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకు పనికిరాదు.

చివరిది, వంగి లేచినప్పుడు పట్టుకునే దడ. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలై, నిమిషానికి 150 నుంచి 220 దాకా ఒకే లయలో కొట్టుకుని, అంతే ఒక్కసారిగా ఆగిపోతుంది. మెడలో కొట్టుకుంటున్నట్టు ఉంటుంది, తగ్గాక మూత్రం ఎక్కువగా వస్తుంది. ఇది ఎస్‌వీటీ. గుండెలో అదనంగా ఉన్న కరెంటు దారిలో ప్రేరణ చుట్టూ తిరుగుతూ చిక్కుకుపోవడం దీనికి కారణం. వంగడం, ఒక్కసారిగా లేవడం దాన్ని కదిలించగలవు. దీన్ని ఆందోళన జబ్బుగా పొరబడటం ఎక్కువ. 1997లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో ఎస్‌వీటీ ఉన్న 107 మందిని చూస్తే, మూడింట రెండు వంతుల మంది లక్షణాలు పానిక్ జబ్బు కొలతకు సరిపోయాయి, సగానికి పైగా మందిలో మొదటి పరీక్షల్లో అసలు జబ్బు పట్టుబడలేదు.

ఆపడానికి కూడా భంగిమే సాయం చేస్తుంది. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఇంగ్లండు పరీక్షలో, రోగులను సగం కూర్చోబెట్టి 15 సెకన్లు ముక్కించారు. తర్వాత అలాగే కూర్చున్నవాళ్ళలో 17 శాతం మందికి గుండె మామూలు లయకు వచ్చింది. ముక్కిన వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు 15 సెకన్లు ఎత్తి పట్టుకున్నవాళ్ళలో 43 శాతం మందికి వచ్చింది. కాళ్ళెత్తడంతో గుండెకు రక్తం ఒక్కసారిగా చేరి వేగస్ నరం బలంగా స్పందిస్తుంది. జబ్బు ఇదేనని తేలాక, డాక్టరు దగ్గర ఒకసారి నేర్చుకుని చేయాల్సిన పని ఇది. శాశ్వతంగా పోవాలంటే తొడ దగ్గర సిరలోంచి సన్నటి తీగ పంపి ఆ అదనపు దారిని కాల్చే అబ్లేషన్ ఉంది. ఎక్కువమందికి ఒకసారితో నయమవుతుంది.

భంగిమ ఏదైనా, దడతోపాటు స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి లేదా ఊపిరాడకపోవడం ఉన్నా, పరుగు లాంటి శ్రమ మధ్యలో దడ వచ్చి కళ్ళు తిరిగినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయి ఉంటే, దడ చిన్నదైనా గుండె డాక్టరుకు ఆ సంగతి చెప్పి తీరాలి.

మామూలు ఈసీజీ పట్టుకునేది 10 సెకన్లు మాత్రమే, అదీ పడుకోబెట్టి. అమెరికా శాస్త్రవేత్త నార్మన్ హోల్టర్ 1940లలో మనిషి నడుస్తుండగా ఈసీజీ తీసే యంత్రం చేసినప్పుడు అది 38 కిలోల బరువు, వీపున మోయాలి. ఇప్పుడు ఛాతీకి అంటించే పట్టీ రెండు వారాలు నమోదు చేయగలదు. అది పెట్టుకున్నప్పుడు ఊరికే పడుకోకండి. ఏ పక్కకు తిరిగితే వస్తోందో తిరగండి, వంగితే వచ్చేదైతే వంగండి, ఆ వేళ కాగితం మీద రాయండి. వీటన్నిటికన్నా పనికొచ్చేది దడ ఉన్నప్పుడే తీసిన ఈసీజీ. దడ ఆగకుండా ఉంటే తెలిసిన డాక్టరు కోసం దూరం పోకుండా, ఈసీజీ యంత్రం ఉన్న దగ్గరి ఆసుపత్రికి ఎవరినైనా తోడు తీసుకుని వెళ్ళి ముందు అది తీయించుకోండి. ఇంజెక్షన్‌తో దడ తగ్గిపోయినా ఆ కాగితం అడిగి తెచ్చుకోండి. ఈసీజీ అచ్చయ్యేది వేడికి నల్లబడే కాగితం మీద, కొన్నేళ్ళకు గీతలు వెలిసిపోతాయి. అందుకని అదే రోజు తేదీ కనిపించేలా ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.